పదకొండు గుండీల కోటు

పోయిన వారం మనం మిషనక్కను ఒక చేతిలో సూదితో, ఇంకో చేతిలో కోటుతో, నోరు తెరిచి ఉండగా వదిలేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. వారం రోజులు అలా నోరు తెరుచుకుని నిలబడటం మామూలు మనిషి వల్ల కాదు. కాబట్టి ఆలస్యం చెయ్యకుండా ఆ టైలరు కొట్లోకే మళ్లీ వెళ్దాం. మధ్యాహ్నం ఒంటిగంటయింది. వెనక గదిలో బల్ల మీద మూడు కంచాలు పెట్టి ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈ కొట్టు మాస్టారిది. కత్తిరించడం ఆయన పని. మిషను కుట్టు చిన్నమ్మాయి పని. చేతికుట్టు, కాజాలు, గుండీలు, కస్టమర్లతో మాట, మాట మీరితే తగువు, ఇంకా ఈ లోకంలో మిగిలినదంతా పెద్దమ్మాయి పని. ఇవన్నీ ఆమె చేసే వేగం చూసే వీధి వీధంతా ఆమెను మిషనక్క అంది. ఆమె ఆ పేరును బిరుదులా మోసింది. పది వారాల కిందట ఒక పొద్దున ఆ మిషనక్క మంచం మీంచి లేవలేదు. జ్వరం లేదు, దెబ్బ లేదు. లేవాలనిపించలేదు, అంతే. మూడో రోజూ లేవకపోయేసరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ డిప్రెషన్ అని చెప్పి, మాత్రలు రాసి, "మూడు నెలలు పని మాటెత్తొద్దు. మాత్ర మాత్రం కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి" అంది.

మిషనక్క మాత్రలకు ఒప్పుకుంది, విశ్రాంతికి ఒప్పుకోలేదు. ఏడు వారాలు ఎలాగో గడిచాక, పని చెయ్యని రోజు ముద్ద ముట్టనని తనకు తానే ఒక చట్టం చేసుకుంది. తినకపోతే మాత్ర లేదు, మాత్ర లేకపోతే మళ్లీ మంచమే. పని ఇద్దామంటే డాక్టరమ్మ వద్దంది, ఇవ్వకుండా ఉందామంటే ఈవిడ తినదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాంటి సమయంలో చిన్నమ్మాయి ఒక శుభవార్త మోసుకొచ్చింది. ఊళ్లో బ్యాండువాళ్లు పంతొమ్మిది కోట్లు ఇచ్చారు, ఒక్కోదానికి పదకొండు ఇత్తడి గుండీలు, తొందరేం లేదు, రోజుకొకటి చాలు.

అలా రోజుకొక కోటుకు గుండీలు కుట్టి, కుట్టినందుకు తిని, తిన్నందుకు మాత్ర వేసుకుని, మిషనక్క కొంచెం కొంచెంగా తేరుకుంటోంది. ఇవాళ పంతొమ్మిదో కోటు. రెండు గుండీలు కుట్టింది. మూడో దాని చోట, గుడ్డ అడుగున, ఎవరో కుట్టు విప్పుతూ మరిచిపోయిన చిన్న ముడి కనిపించింది. దారం మూడు చుట్లు తిప్పి, తోకను లోపలికి దూర్చిన ముడి. ఆ ముడి వేసే మనిషి ఈ ఊళ్లో ఒక్కతే. సూది పట్టుకుని నిలబడి ఉంది చూడండి, ఆవిడే.

"చిన్నీ," అని పిలిచింది మిషనక్క. గొంతు పెంచలేదు. అదే అసలు ప్రమాదం.

"ఏంటక్కా?" చిన్నమ్మాయి గరిటెతో సహా వచ్చింది.

"ఈ కోటు నిన్న కుట్టానా?"

"నిన్నటిది వేరే."

"మొన్నటిది?"

"అదీ వేరే."

"సరే. మిగతా పద్దెనిమిదీ తీసుకురా, చూద్దాం."

చిన్నమ్మాయి నాన్న వైపు చూసింది. మాస్టారు మెళ్లో టేపు తీసి, కొలవడానికి ఏదైనా దొరుకుతుందా అని అటూ ఇటూ చూసి, ఏదీ దొరక్క బల్లను కొలవడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లుగా ఆ బల్ల కొలత మారలేదు.

"పట్టుకెళ్లిపోయారమ్మా. ఎవరిది వాళ్లు," అన్నారు బల్లతో.

"పద్దెనిమిది మంది వచ్చి వెళ్తే నాకు ఒక్కరూ కనబడలేదా?"

"నువ్వు పడుకున్నప్పుడు వచ్చారు."

"పద్దెనిమిది మందీనా?"

మాస్టారు టేపు తిరగేసి బల్లను రెండోవైపు నుంచి కొలిచారు. గుడ్డను ఎంత సూటిగా కత్తిరిస్తారో అబద్ధాన్ని అంత వంకరగా కత్తిరిస్తారాయన. ఇంక దాచి లాభం లేదని చిన్నమ్మాయి గరిటె పక్కన పెట్టేసింది.

"ఒకటే కోటు అక్కా. రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ నేనే విప్పేదాన్ని."

"పదకొండూనా?"

"పదకొండూ. నీ ముడి విప్పడమంటే మాటలనుకున్నావా? వేళ్లు చూడు, ఎలా అయ్యాయో. ఒకరోజు నాకు చేతకాక నాన్నకిచ్చాను. ఆయన గుండీతో పాటు గుడ్డ కూడా ఊడదీశారు. దానికి నేను మళ్లీ అతుకు వేశాను."

"కొంచెమే చిరిగింది," అన్నారు మాస్టారు.

"బ్యాండువాళ్లు?"

"బ్యాండూ లేదు, గీండూ లేదు. ఈ కోటు పై అరలో ఆరేళ్ల నుంచి పడుంది. ఎవరో ఇచ్చి మళ్లీ రాలేదు."

మిషనక్క కోటును బల్ల మీద పరిచింది. పద్దెనిమిది కోట్లకు నూట తొంభై ఎనిమిది, ఇవాళ్టివి రెండు. సరిగ్గా రెండువందల గుండీలు. ఆమెకు ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. ఈ రెంటికంటే ముందు సిగ్గేసింది, ఎందుకంటే ఆ పంతొమ్మిది మంది బ్యాండువాళ్లను ఆమె మనసులో బాగా నమ్ముకుంది. కళ్లు మూసుకుంటే వరసగా నడిచి వెళ్తూ కనిపించేవాళ్లు. వాళ్ల గుండెల మీద తళతళా మెరిసేవన్నీ తన గుండీలే. మంచం మీంచి కాలు కింద పెట్టలేని పొద్దున కూడా, పాపం వాళ్లు ఎదురుచూస్తుంటారు అనుకుని కాలు పెట్టేది.

కత్తెర తీసుకుంది. కుట్టిన రెండూ కోసేసింది. పెట్టెలో మిగిలిన తొమ్మిదీ కలిపి నాన్న అరచేతిలో పోసి, వేళ్లు తనే మూసేసింది.

"అయిపోయింది నాటకం. పద్దెనిమిది రోజులుగా నేను ఏ పనీ చెయ్యలేదన్నమాట. చెయ్యకుండానే తిన్నాను. ఇవాళ్టి నుంచి తినను."

"అక్కా, మాత్ర..."

"మాత్రా లేదు. ఊరికే కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు."

"మనకి కొండలెక్కడివే?" అన్నారు మాస్టారు నిజంగా అర్థం కాక.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిన్నమ్మాయి చిన్నప్పటి నుంచీ అక్క మాటకు ఎదురు చెప్పి ఎరగదు. అక్క కసురుకుంటే కుక్కిన పేనులా మిషను దగ్గర కూర్చునే రకం. కానీ పద్దెనిమిది పొద్దులు పదకొండేసి ముడులు విప్పిన మనిషికి కొంత ధైర్యం వస్తుంది కాబోలు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే అక్కా. చట్టమంటే ఇంటిల్లిపాదికీ చట్టమే. నాన్నా, పొద్దుట్నుంచి నువ్వేం పని చేశావు?"

"నేనా? ఒక ప్యాంటు కత్తిరించాను."

"తర్వాత?"

"పేపరు చదివాను."

"తర్వాత?"

"పేపరు మొహమ్మీద వేసుకుని..."

"అరకంచం," అని చిన్నమ్మాయి ఆయన కంచంలోంచి సగం తీసేసింది. మాస్టారు ఆ సగం వెళ్లిన దారినే చూస్తూ ఉండిపోయారు. "నేను రెండు చొక్కాలు కుట్టాను. ఒకదానికి చెయ్యి తిరగేసి వేశాను, మళ్లీ విప్పాలి. కాబట్టి నాకూ అరే." తన కంచంలోంచీ తీసేసింది. "ఇక పిల్లి."

గుడ్డముక్కల బుట్టలో పడుకున్న పిల్లి తన పేరు వినిపించి ఒక కన్ను తెరిచింది.

"పుట్టి నాలుగేళ్లయింది. ఒక్క గుండీ కుట్టలేదు. రోజుకు రెండు గిన్నెల పాలు తాగుతోంది. ఇవాళ్టి నుంచి దానికీ బంద్."

"పిల్లి ఎలుకల్ని పడుతుంది," అంది మిషనక్క.

"ఎక్కడ?" అన్నారు మాస్టారు. "మొన్న ఎలుక దాని ముందు నుంచే పోతుంటే, పక్కకి జరిగి దారిచ్చింది. నా కళ్లతో చూశాను."

మిషనక్క పెదవులు బిగించింది. లాభం లేకపోయింది. ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత కోటు మీదికి వంగి, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. పది వారాల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వది. మాస్టారు గుండీల పిడికిలిని ఇంకాస్త గట్టిగా బిగించారు.

చిన్నమ్మాయి వెళ్లి వీధివైపు కిటికీ రెక్క దగ్గరగా వేసింది. "ఎదురు లాండ్రీ ఆవిడ ఇటే చూస్తోంది. మొన్న నన్నాపి 'మీ మిషను రిపేరుకొచ్చిందా' అని అడిగింది, ఎంత పొగరో!" లాండ్రీ ఆవిడతో ఈ ఇంటికి మాటల్లేవు. అది పోయిన అమ్మ నాటి తగువు. ఎందుకొచ్చిందో అక్కచెల్లెళ్లిద్దరికీ తెలియదు, అయినా నమ్మకంగా కొనసాగిస్తున్నారు.

"అక్కా, ఒక సంగతి గమనించావా?" అంది చిన్నమ్మాయి తిరిగొచ్చి. "ఆ ముడి నీకు కనబడింది. మొదట్లో నీ చేతికి గొడుగిచ్చినా దానికీ గుండీలు కుట్టేసేదానివి. ఇవాళ ముడి చూశావు, అబద్ధం పట్టుకున్నావు, నన్ను తిట్టావు. డాక్టరమ్మకు చెబితే ఎంత సంతోషిస్తుందో!"

అది నిజమే. మిషనక్కకు అది నిజమేనని తెలుసు కూడా. కానీ నవ్వడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆమె కళ్లు తుడుచుకుని కంచాన్ని ఇంకాస్త దూరం జరిపింది.

"అది పిల్లి. దాని సంగతి వేరు. మీకెలా చెప్పను? నేను అందంగా ఉంటానని ఎవరూ అనలేదు. మాట తీపి కాదు. చదువు అంతంతమాత్రం. నాకున్నదల్లా ఈ చేతులు. ఆరేళ్ల కిందట నాన్నకు నడుం పట్టేసి నలభై రోజులు మంచం మీదుంటే, కొట్టంతా నేనొక్కదాన్నే లాక్కొచ్చాను. కత్తిరింపు కూడా నేనే. అప్పుడు పెట్టారు నాకు ఆ పేరు. అంతకుముందు నేనెవరు? మాస్టారి పెద్దమ్మాయి, అంతే. ఇప్పుడు ఈ చేతులు లేవలేదంటే, మరి నేనెందుకు? ఈ కంచం ఎవరికి పెట్టినట్టు?"

చిన్నమ్మాయి బుట్ట వైపు చూసింది. పిల్లి ఉదాహరణ అయిపోయింది. మాస్టారు మాత్రం ఒక వింత పని చేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నడుం మాట రాగానే చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుం తడుముకున్నారు. ఆ తడుముకోవడం మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. ఎవరూ తినలేదు. అన్నం చల్లారిపోతోంది. ఇంతలో ముందు గదిలో గంట మోగింది.

"మాస్టారూ! ఉన్నారా?"

వచ్చినాయన పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు, బుగ్గలు మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోతాయి. చంకలో ఒక పొడుగాటి పెట్టె. చేతిలో నాలుగు మడతలు పడి పసుపుపచ్చగా మారిన రసీదు. పిలవకుండానే వెనక గదిలోకి వచ్చేశాడు.

"నా కోటు," అన్నాడు. "కొంచెం ఆలస్యమైంది లెండి."

రసీదు మీద తారీఖు ఆరేళ్ల కిందటిది. రాసింది మిషనక్కే. బల్ల మీద కోటు ఉంది. ఒక్క గుండీ లేదు.

"మీరు... బ్యాండాయనా?" అంది చిన్నమ్మాయి.

"బాకా ఊదుతానమ్మా. మధ్యలో మా బ్యాండు మూతపడింది, నేనూ వేరే ఊరెళ్లిపోయాను. ఇప్పుడు మళ్లీ మొదలెట్టాం. ఎక్కువమంది లేం, ఆరుగురమే. ఆదివారం పార్కులో వాయిస్తున్నాం."

ఆరుగురు! పంతొమ్మిది కాకపోయినా ఉన్నారన్నమాట. మిషనక్క ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తను కళ్లు మూసుకున్నప్పుడు కనిపించినవాళ్లు ఇంకాస్త సన్నగా ఉండేవాళ్లు.

"తప్పు మాది కాదు, మీది," అందామె. "ఆ తారీఖుకు వచ్చి ఉంటే ఇచ్చేసేవాళ్లం."

"వచ్చానుగా! ఆ రోజే వచ్చాను. మీరు బయటికెళ్లినట్టున్నారు. ఇదిగో, ఈ గదిలోనే మాస్టారు మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. కోటు సంగతి అడగడానికి మనసొప్పక వెళ్లిపోయాను." ఆయన మాస్టారి వైపు తిరిగాడు. మొహంలో నిజమైన ఆదరం ఉంది. "ఇప్పుడెలా ఉంది మాస్టారూ? కత్తెర పట్టుకోవాలంటే భయమేస్తోంది, ఎందుకో తెలీడం లేదు అన్నారు. నాకు ఎన్నాళ్లో ఆ మాటే గుర్తొచ్చేది."

మాస్టారు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. గట్టిగా అరవలేరు, అరవకుండా ఉండలేరు.

"నాన్నకు అప్పుడు నడుం నొప్పి," అంది మిషనక్క నెమ్మదిగా.

"నడుమా?" బాకా ఆయన నవ్వాడు. "నడుం శుభ్రంగా ఉందమ్మా. నా చేతిలోంచి ఈ పెట్టె జారి కిందపడితే, ఆయనే మంచం దిగి, వంగి, ఎత్తి ఇచ్చారు. చూడండి, ఎంత బరువో!"

పెట్టె తెచ్చి మిషనక్క చేతిలో పెట్టాడు. నిజంగానే బరువుగా ఉంది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని నాన్న వైపు చూసింది. మాస్టారు కంచంలోకి చూస్తున్నారు, అరకంచంలోకి.

నలభై రోజులు. రోజుకు రెండు పూటలు. ఆ కంచాలు పెట్టింది ఎవరో కాదు, తనే. మొదటి వారం గోరువెచ్చగా కలిపి నోటికందించింది కూడా. ఒక్క పూటైనా, ఇవాళ ఏం కత్తిరించావు నాన్నా అని అడగాలని తోచిందా? తోచలేదు. అడిగేవాళ్లు ఎవరైనా వస్తే చీపురు తిరగేసి ఉండేది. ఆ నలభై రోజులు ఆమెకు ఆయన మాస్టారు కాదు, కత్తెర కాదు, కొట్టు కాదు. నాన్న. తిన్నాడా లేదా, అదొక్కటే లెక్క.

పెట్టె కింద పెట్టింది. కుర్చీలో కూర్చుంది. దూరం జరిపిన కంచాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ ఒక్క జానెడు దూరం లాగడానికి ఎంత కష్టపడిందో చూసినవాళ్లు ఇద్దరే. మూడో ఆయన మాత్రం కోటు చేతుల్లోకి తీసుకుని, "గుండీలేవి?" అంటున్నాడు.

"ఎల్లుండి రండి," అంది మిషనక్క, ముద్ద కలుపుతూ. "ఇవాళ నేను పని చెయ్యడం లేదు. ఆరేళ్లు ఆగారు, ఇంకో రెండు రోజులు ఆగలేరా?"

"ఆగుతాను కానీ... భోజనం వేళకొచ్చినట్టున్నాను." బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి.

"ఇవాళ మీరేం పని చేశారు?" అంది చిన్నమ్మాయి కోర్టులో అడిగినట్టు.

"ఏమీ చెయ్యలేదమ్మా. పొద్దున లేచి, కోటు కోసం నడిచొచ్చాను."

"అయితే కూర్చోండి," అని నాలుగో కంచం పెట్టింది. తీసేసిన సగాలన్నీ తిరిగి ఎవరివి వాళ్లకు వడ్డించింది. పిల్లికి మూడో గిన్నె పాలు పోసింది.

మిషనక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముఖం చిట్లించింది.

"చిన్నీ, కూరలో ఉప్పు ఎక్కువైందే."

చిన్నమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయింది. పది వారాలుగా అక్క కంచంలో ఏం పెట్టినా గడ్డి నమిలినట్టు నమిలింది. ఒకరోజు కూరలో ఉప్పే మర్చిపోతే, ఆ సంగతీ తెలియలేదు. చిన్నమ్మాయి అటు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రోజూ ఇంతే వేస్తున్నాను" అంది.

"రోజూ ఎక్కువే వేస్తున్నావన్నమాట."

మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మిషనక్క నాన్న మూసిన పిడికిలి మీద చెయ్యి వేసింది.

"ఇక చెప్పు. నడుం నొప్పని నాతో ఎందుకన్నావు? ఆ నలభై రోజులూ ఏం జరిగిందో మొత్తం చెప్పు. నేనెక్కడికీ వెళ్లను, నాకు ఇవాళ పనేం లేదు."

మాస్టారు పిడికిలి విప్పారు. పదకొండు గుండీలూ బల్ల మీద దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ అంచుదాకా వెళ్తే పిల్లి పంజా వేసి ఆపింది. దాని జీవితంలో అదే మొదటి పని.

"నలభై రోజులది చిన్న కథ తల్లీ," అన్నారాయన. "అంతకుముందు ఇంకోసారి వచ్చింది. నువ్వు పుట్టిన ఏడాది, ముప్పై ఎనిమిదేళ్ల కిందట. మీ అమ్మ నిన్ను తీసుకుని పుట్టింట్లో ఉంది, తనకు నేను చెప్పలేదు. రెండు నెలలు ఈ కొట్టు తలుపు తియ్యలేదు. అన్నాళ్లూ ఒక మనిషి రెండు పూటలా వచ్చి, ఒక్క ప్రశ్న అడక్కుండా కంచం పెట్టి వెళ్లింది. లేకపోతే నేను ఇవాళ లేను. మీ అమ్మకు ఆ సంగతి తప్పుగా తెలిసింది. నేను నోరు విప్పి ఉంటే సరిపోయేది, సిగ్గుపడి విప్పలేదు."

"ఎవరు నాన్నా ఆ మనిషి?"

మాస్టారు లేచి వెళ్లి, చిన్నమ్మాయి దగ్గరగా వేసిన కిటికీ రెక్క తీశారు. వీధికి అవతల లాండ్రీ గుమ్మంలో ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలబడి ఉంది. ఒక చేతిలో మూత పెట్టిన గిన్నె. వీధి దాటాలా వద్దా అని ముప్పై ఎనిమిదేళ్లుగా ఆలోచిస్తున్నట్టుంది. కిటికీలో మాస్టారిని చూసి, మెట్టు దిగింది.